మాట రాని బిడ్డ మంచం పక్కన: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే తరహా పిల్లల గురించి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం), ఆగని ఫిట్స్, పుట్టుకతో వచ్చిన జన్యు సమస్యలు, గొంతు దగ్గర ట్యూబుతో శ్వాస, ముక్కు ట్యూబుతో ఆహారం. ఒక్కో బిడ్డకు వీటిలో రెండు మూడు కలిసే ఉంటాయి. తల్లిదండ్రులూ రాశారు, వార్డు నర్సులూ రాశారు. పిల్లల వార్డుల్లో పనిచేసే సీనియర్ నర్సులు జవాబులిచ్చారు. మందు మోతాదు విషయంలో మాత్రం మీ బిడ్డను చూస్తున్న డాక్టరు రాసినదే ప్రమాణం.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. సెరిబ్రల్ పాల్సీ, మాటలు రావు. తుంటి ఆపరేషన్ అయిన రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు. నొప్పేమో చూడండి సిస్టర్ అంటే, "ఇలాంటి పిల్లలు ఇలాగే ఉంటారమ్మా" అన్నారు. నాకు తెలుసు, వాడు ఇలా ఉండడు. నొప్పని ఎలా చెప్పి ఒప్పించాలి?

జవాబు: మీరు ఒప్పించాల్సిన పరిస్థితి రావడమే తప్పమ్మా. మాట రాని బిడ్డకు నొప్పి ఉందో లేదో అంచనా వేయడం నర్సు పని. అందుకు పద్ధతి ఉంది. ఫ్లాక్ స్కేల్ అంటారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అని అయిదు అంశాలు. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. మీ బాబులాంటి పిల్లల కోసం దీన్ని 2006లో సవరించారు. కాళ్లు బిగుసుకోవడం, ఒళ్లు వణకడం, ఊపిరి బిగబట్టడం లాంటివి చేర్చారు. అంతకంటే ముఖ్యమైన మార్పు ఒకటుంది. "మీ బిడ్డకు నొప్పి వస్తే ఏం చేస్తాడు?" అని తల్లిదండ్రులను అడిగి, వాళ్లు చెప్పిన గుర్తులను అదే కాగితం మీద రాసుకోవడం. ఒక బిడ్డ నొప్పికి నవ్వుతుంది. ఇంకో బిడ్డ చెయ్యి కొరుక్కుంటాడు. మరొకడు అసలు కదలకుండా ఉండిపోతాడు. ఆ ఉండిపోవడాన్ని చూసి "హాయిగా పడుకున్నాడు" అని రాసుకునే ప్రమాదం వార్డులో రోజూ ఉంటుంది.

ఆపరేషన్‌కి ముందురోజే మీ బాబు నొప్పి గుర్తులు నాలుగైదు కాగితం మీద రాసి, కేస్ షీటులో పెట్టమని అడగండి. మామూలప్పుడు ఎలా ఉంటాడో చూపే అర నిమిషం వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. రాత్రి డ్యూటీ నర్సుకు పది మాటల్లో చెప్పినా తెలియనిది ఆ వీడియో చూస్తే తెలుస్తుంది.

ఇక నర్సులకు. స్కోరు 4 గానీ అంతకు మించి గానీ వస్తే మందు సరిపోవడం లేదనే లెక్కలోకి తీసుకోండి. మందు ఇచ్చి వదిలేయకండి. నరానికి ఇచ్చిన మందైతే 15 నుంచి 30 నిమిషాలకు, నోటికో ట్యూబుకో ఇచ్చినదైతే గంటకు మళ్లీ స్కోరు చూసి రాయండి. పెద్ద ఆపరేషన్ అయిన మొదటి రెండు రోజులూ పారాసిటమాల్ "అవసరమైతే" అని కాకుండా గడియారం ప్రకారం ఇచ్చేలా డాక్టరు చేత రాయించండి. అవసరమైతే అని రాసిన మందు, అడగగలిగిన బిడ్డకే అందుతుంది.

తుంటి ఆపరేషన్లలో ఇంకో సంగతి ఉంది. సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు కండరాలు హఠాత్తుగా పట్టేసి, ఆ పట్టుకే విలవిల్లాడతారు. మార్ఫిన్ గాయం నొప్పిని తగ్గిస్తుంది కానీ ఈ పట్టును పెద్దగా వదిలించదు. దానికి వేరే మందు కావాలి. బిడ్డ రోజూ కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్ వాడుతుంటే ఒక్క పూట కూడా జారిపోకూడదు. ఉన్నట్టుండి ఆపితే బిగుసుకోవడం పెరుగుతుంది, జ్వరం, ఫిట్స్ కూడా రావచ్చు.

మందిచ్చినా స్కోరు దిగలేదంటే తల నుంచి కాలి దాకా వెతకాలి. మార్ఫిన్ తర్వాత మూత్రం బిగిసిందా? పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూడండి. పిండికట్టు బిగిసిందా? కాలివేళ్ల రంగు, వెచ్చదనం చూసి, గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. మలబద్ధకం, పన్ను, చెవి, కంట్లో గీత, మడమ కింద ఒత్తిడి, వేలికి చుట్టుకున్న వెంట్రుక, వీపు కింద ఇరుక్కున్న కాన్యులా (నరానికి పెట్టే సన్న గొట్టం) మూత వరకు ఏదీ వదలకూడదు. ఎముకలు పలచబడిన పిల్లల్లో డైపర్ మార్చేటప్పుడు కాలు గట్టిగా లాగినా ఎముక విరగొచ్చు. "ఇతని స్థితే అంత" అనే మాట ఇవన్నీ చూశాక కూడా తొందరపడి అనకూడనిది.

ప్రశ్న: నేను స్టాఫ్ నర్సుని. కొత్తగా పిల్లల వార్డుకి మార్చారు. ట్రాకియాస్టమీ (శ్వాస కోసం గొంతు దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్యూబు) ఉన్న మూడేళ్ల పాపకు సక్షన్ చేయాలంటే, అంటే ట్యూబులోని కళ్లె పీల్చి తీయాలంటే చేతులు వణుకుతున్నాయి. పాప నన్ను చూడగానే మొహం తిప్పేసుకుంటోంది. పద్ధతి దశలవారీగా చెప్పండి.

జవాబు: ముందు ఒకటి గుర్తుంచుకోండి. ట్యూబు ఉన్న పాప ఏడిస్తే శబ్దం రాదు. గాలి స్వరపేటిక దాకా వెళ్లకుండా ట్యూబులోంచే బయటికి వస్తుంది కాబట్టి, నోరు తెరిచి, మొహం ఎర్రబడి, కన్నీళ్లు కారుస్తూ నిశ్శబ్దంగా ఏడుస్తుంది. మీరు వెనక్కి తిరిగి ఉంటే తెలియదు. అందుకే ఆమె మంచం నర్సుల బల్లకు కనిపించే చోట ఉండాలి. చేతికి అందేలా ఒక గంటో గిలక్కాయో కట్టండి. అది మోగినప్పుడల్లా ఎవరో ఒకరు వస్తారని ఆ పాపకు తెలిస్తే, మీరు దగ్గరికి వచ్చినప్పటి భయం సగం తగ్గుతుంది.

ఇప్పుడు సక్షన్. కాథెటర్ (కళ్లె పీల్చే సన్న గొట్టం) సైజుకు సులువు లెక్క: ట్యూబు లోపలి వ్యాసం మిల్లీమీటర్లలో ఎంతో, దానికి రెట్టింపు ఫ్రెంచ్ సైజు (కాథెటర్ లావుకు వాడే కొలత). 4 మి.మీ. ట్యూబుకు 8 సైజు. దానికంటే లావైనది పెడితే పాప ఊపిరికి దారే మిగలదు. ఒత్తిడి 80 నుంచి 120 మి.మీ. పాదరసం మధ్య. అంతకు మించితే లోపలి పొర పీల్చుకుపోయి రక్తం వస్తుంది. ఎంత లోతుకు వెళ్లాలో ఊహించొద్దు. అదే సైజు విడి ట్యూబులోంచి కాథెటర్ దూర్చి, చివరి రంధ్రాలు మాత్రం బయటికి వచ్చే దగ్గర కొలిచి, ఆ సెంటీమీటర్లు కార్డు మీద రాసి మంచం దగ్గర అంటించండి. తగిలేదాకా తోసి వెనక్కి లాగే పాత అలవాటు శ్వాసనాళానికి పుండ్లు తెస్తుంది.

చేతులు కడుక్కోండి. పాపకు కనిపించేలా నిలబడి, కాథెటర్ చూపించి, ఏం చేయబోతున్నారో చెప్పండి. లోపలికి వెళ్లేటప్పుడు సక్షన్ ఉండకూడదు. కొలత దాకా వెళ్లాక కాథెటర్ పక్కనుండే రంధ్రాన్ని వేలితో మూసి, బయటికి వస్తూ పీల్చాలి. మొత్తం 5 నుంచి 10 సెకన్లు. పైకి వినపడేలా "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టండి. పాపకు ఎప్పుడు అయిపోతుందో తెలుస్తుంది, మీకు సమయం దాటదు. మళ్లీ చేయాల్సి వస్తే పాప ఊపిరి తీసుకుని, ఆక్సిజన్ అంకె తన మామూలు స్థాయికి వచ్చాకే. ప్రతిసారీ సెలైన్ చుక్కలు వేసే అలవాటు మానండి. కళ్లె చిక్కబడుతోందంటే గాలిలో తేమ చాలడం లేదు, లేదా ఒంట్లో నీరు చాలడం లేదు. ఆ రెండూ సరిచేయాలి. ట్యూబుకు తగిలించే తేమ ఫిల్టరు కళ్లెతో తడిస్తే వెంటనే, లేకపోయినా రోజుకొకసారి మార్చండి.

గంటకోసారి అని సక్షన్‌కు టైం పెట్టుకోవద్దు. గరగర వినిపిస్తేనో, ఊపిరి కష్టమైతేనో, అంకె పడిపోతేనో, పాప తనే చూపిస్తేనో చేయండి. అనవసరంగా చేసిన ప్రతిసారీ పాప నమ్మకం కొంత పోతుంది.

అత్యవసరం గురించి. కాథెటర్ లోపలికి దిగకపోతే ట్యూబు మూసుకుపోయిందనే అనుకోవాలి. సాయానికి కేక వేయండి. మెడ సరిచేసి ఒక్కసారి ప్రయత్నించండి. దిగకపోతే ట్యూబు మార్చేయడమే. మానిటర్ అంకె పడేదాకా ఎదురుచూడొద్దు. అదే సైజు వెళ్లకపోతే అర సైజు చిన్నది. అదీ వెళ్లకపోతే, ఆ చిన్న ట్యూబులోకి సక్షన్ కాథెటర్ దూర్చి, కాథెటర్‌ను రంధ్రంలోకి దింపి, దాని మీదుగా ట్యూబును జార్చండి. ఏదీ కుదరకపోతే, పై దారి (ముక్కు, నోటి నుంచి శ్వాసనాళానికి వెళ్లే దారి) తెరిచి ఉన్న పాపకు గొంతు రంధ్రం వేలితో మూసి, మొహానికి మాస్కు పెట్టి ఊపిరి ఇవ్వండి. పై దారి మూసుకుపోయిన పిల్లలకు రంధ్రం మీదుగానే ఇవ్వాలి. మీ పాప ఈ రెండింటిలో ఏ రకమో మంచం పైన పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. డ్యూటీ ఎక్కగానే మొదట చదవాల్సింది అదే. ఆపరేషన్ అయిన మొదటి వారం లోపు ట్యూబు మార్పు సర్జన్ బృందానిది. అప్పటికి రంధ్రం దారి గట్టిపడదు. ఆ రోజుల్లో ఇలాంటిది జరిగితే ముందు ఎవరిని పిలవాలో, వాళ్లు వచ్చేలోగా ఏం చేయాలో డ్యూటీ ఎక్కినప్పుడే అడిగి పెట్టుకోండి.

అదే సైజు ట్యూబు, చిన్న సైజు ట్యూబు, కత్తెర, ట్యూబును మెడకు కట్టే నాడాలు, జెల్, కాథెటర్లు, ఊపిరి సంచి ఒక డబ్బాలో ఉండాలి. పాప ఎక్స్‌రేకి వెళ్తే డబ్బా కూడా వెళ్లాలి. నాడాలు మార్చేటప్పుడు ఇద్దరుండాలి, ఒకరు ట్యూబు వదలకుండా పట్టుకోవాలి. మెడ కొంచెం వంచినప్పుడు నాడా కింద ఒక వేలు పట్టాలి. రెండు వేళ్లు పడితే వదులు.

ప్రశ్న: మా పాపకు ముక్కు ట్యూబు వేశాక సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విని, "సరిగ్గానే ఉంది" అని పాలు పోశారు. ఇది చాలా?

జవాబు: చాలదండీ. ట్యూబు ఊపిరితిత్తిలో ఉన్నా అదే శబ్దం పొట్ట మీద వినిపించవచ్చు. బుడగలు చూడటమూ నమ్మదగింది కాదు. ముక్కు నుంచి చెవి తమ్మెకు, అక్కడి నుంచి రొమ్ము ఎముక కొసకూ బొడ్డుకూ మధ్య బిందువుకు కొలిచి ట్యూబు వేయాలి. వేశాక 0.5 నుంచి 1 మి.లీ. ద్రవం వెనక్కి లాగి, ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ కాగితం మీద వేయాలి. 5.5 లేదా అంతకంటే తక్కువ వస్తే పాలు పోయొచ్చు. ద్రవం రాకపోతే పాపను ఎడమవైపు తిప్పి, 15 నుంచి 30 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ట్యూబును ఒకటి రెండు సెంటీమీటర్లు కదపవచ్చు. అప్పటికీ రాకపోయినా, అంకె 5.5 దాటినా ఎక్స్‌రే. ఆమ్లం తగ్గించే మందులు వాడే పిల్లలకు, ఇప్పుడే పాలు తాగిన పిల్లలకు ట్యూబు సరిగ్గా ఉన్నా అంకె ఎక్కువ రావచ్చు. ఖాయమయ్యేదాకా నీళ్లు కూడా పోయకూడదు.

ఈ పరీక్ష ప్రతి పాలకు ముందు, మందుకు ముందు, వాంతి లేదా గట్టి దగ్గు తర్వాత కూడా చేయాలి. ముక్కు దగ్గర ట్యూబు మీది సెంటీమీటరు గుర్తు రాసి పెట్టుకుంటే, జారిందో లేదో మీరే చూసుకోవచ్చు. పాలు వెళ్లేటప్పుడూ, తర్వాత అరగంట నుంచి గంటసేపూ తల వైపు 30 డిగ్రీలకు తగ్గకుండా ఎత్తి ఉంచండి. ఆ సమయంలో పాపను ఒళ్లో పెట్టుకోండి, నోట్లో తేనెపీక ఇవ్వొచ్చు. ట్యూబుతో అయినా అది పాపకు భోజనమే. గోడవైపు తిప్పి పడుకోబెట్టి పోసేసే పని కాదు.

ప్రశ్న: ఆరేళ్ల అమ్మాయి, ఆటిజం. రక్తం తీయడానికి నలుగురు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి తెల్ల కోటు కనిపిస్తే చాలు, కేకలు. ఇంకా చాలా పరీక్షలు మిగిలి ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: వెల్లకిలా పడుకోబెట్టి అదిమిపట్టడమే ఆ అమ్మాయిని ఎక్కువగా భయపెట్టింది, సూది తర్వాతి మాట. వచ్చేసారి మీ ఒళ్లో నిటారుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా కూర్చోబెట్టుకోండి. కాళ్లు మీ నడుముకు అటూ ఇటూ. చెయ్యి మీ చంక కింద నుంచి వెనక్కి, బల్ల మీదకి. మీరు కౌగిలించుకున్నట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం కదలదు. సిస్టర్ మీ వీపు వెనక నుంచి పనిచేసుకుంటారు.

లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మత్తు క్రీము రాసి, పైన ప్లాస్టిక్ పట్టీ వేసి, కనీసం 60 నిమిషాలు ఉంచాలి. చాలాచోట్ల పదిహేను నిమిషాలకే తుడిచేసి, "క్రీము పనిచేయదు" అంటారు. రెండు చోట్ల రాయించండి, ఒక నరం దొరక్కపోతే రెండోది ఉంటుంది. క్రీము వల్ల నరం సన్నబడి కనిపించదు కాబట్టి తుడిచాక 5 నుంచి 10 నిమిషాలు ఆగి, చెయ్యి వెచ్చబెట్టాలి. పుండు మీద రాయకూడదు. నెలల పిల్లలకు మోతాదు దాటితే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గుతుంది, అందుకని డాక్టరు చెప్పినంతే.

గదిలో ఒక్కరే మాట్లాడాలి. నలుగురు నాలుగు మాటలంటే ఆటిజం ఉన్న బిడ్డకు అది మోత. జరగబోయేది మూడు నాలుగు బొమ్మల్లో ముందే చూపించండి: క్రీము, పట్టీ, సూది, అయిపోయింది. "నొప్పే ఉండదమ్మా" అనొద్దు. "చిన్న చురుకు, అయిదు లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. ఏ చెయ్యి అని అడగండి, సూది వేయించుకుంటావా అని అడగకండి. కాదంటే ఆపే ఉద్దేశం లేనప్పుడు ఆ ప్రశ్న మోసం. సొంత మంచం మీద సూది వద్దు, అది ఆమె నిశ్చింతగా పడుకునే చోటు. ఆ రోజు కావలసిన పరీక్షలన్నీ ఒకే గుచ్చుకు వచ్చేలా జాబితా కలిపించండి. ఒకరు రెండుసార్లు ప్రయత్నించి దొరకకపోతే మూడోసారి ఇంకొకరు, అదీ అత్యవసరమైతేనే. లేకపోతే మర్నాడు.

ప్రశ్న: ఆపరేషన్‌కి ఏమీ పెట్టొద్దన్నారని మా బాబుకు పొద్దుటి ఫిట్స్ మందు కూడా ఆపేశారు. మధ్యాహ్నం ఫిట్స్ వచ్చాయి. ఆపడం సరైనదేనా?

జవాబు: మత్తు డాక్టరు ప్రత్యేకంగా ఆపమంటే తప్ప, ఫిట్స్ మందు ఉపవాసంలో ఆగకూడదు. కొద్ది నీళ్లతోనో, ట్యూబులోనో, కుదరకపోతే నరానికో ఇస్తారు. ముందురోజు సాయంత్రమే "పొద్దుటి మందు ఎలా ఇస్తారు?" అని అడగండి. ఉపవాసం కూడా అర్ధరాత్రి నుంచి అక్కర్లేదు. సాధారణంగా పోతపాలు, ఘనాహారం 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, నీళ్లు 2 గంటల ముందు ఆపితే చాలు. నీళ్లు గంట ముందు వరకూ ఇవ్వనిచ్చే ఆస్పత్రులూ ఉన్నాయి. పాలు త్వరగా అరగని పిల్లలకు మత్తు డాక్టరు వేరే లెక్క చెప్పవచ్చు.

ఫిట్స్ తగ్గడానికి కీటోజెనిక్ ఆహారం (కొవ్వు ఎక్కువ, పిండిపదార్థాలు బాగా తక్కువ) మీద ఉన్న పిల్లల సంగతి చాలామందికి తట్టదు. గ్లూకోజు సెలైన్, తియ్యటి సిరప్ మందులు ఆ ఆహారం పనిని చెడగొట్టి ఫిట్స్ తెప్పిస్తాయి. కేస్ షీటు పైనే రాయించండి. రక్తంలో చక్కెర పడిపోతే మాత్రం గ్లూకోజు ఇవ్వాల్సిందే.

ట్యూబులో మందులిచ్చేవాళ్లు అన్నీ కలిపి నూరకండి. ఒక్కోటీ విడిగా, మధ్యలో నీళ్లు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలు నూరితే రోజంతటి మందు ఒక్కసారే దిగుతుంది. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ పాలతో కలిస్తే ఒంటికి సరిగా పట్టదు, పాలకు ఎడం ఉండాలి. బరువు కొత్తగా తూచి మోతాదు లెక్క వేయాలి. చుక్క జారితే మోతాదు పదింతలవుతుంది కాబట్టి ".5" అని కాదు, "0.5" అనే రాయాలి. "5.0" రాయకూడదు, "5" చాలు.

ప్రశ్న: మా వార్డులో ఒక తల్లి, మానిటర్ అంకెలన్నీ బాగున్నా, "మా వాడు వాడిలా లేడు" అంటూ గంటగంటకూ వస్తున్నారు. పని సాగడం లేదు. ఎలా సర్దిచెప్పాలి? (స్టాఫ్ నర్స్)

జవాబు: సర్దిచెప్పకండి, వెళ్లి చూడండి. మానిటర్ అంకెలు అందరు పిల్లల సగటుతో పోల్చినవి. ఆ తల్లి పోలుస్తున్నది నిన్నటి తన బిడ్డతో. మెదడులో నీరు తీసే షంట్ ఉన్న పిల్లల్లో, షంట్ మూసుకుపోతోందన్న మొదటి జాడ చాలాసార్లు ఇలాంటి మాటే. వాంతులు, మగత, నాడి నెమ్మదించడం తర్వాత వస్తాయి. మామూలు ఉష్ణోగ్రతే 35.5 ఉండే బిడ్డకు 37.5 జ్వరం కిందే లెక్క. ఎప్పుడూ ఆక్సిజన్ 90 ఉండే గుండెజబ్బు బిడ్డకు 98 చూసి సంతోషించకూడదు, ఎందుకు పెరిగిందో అడగాలి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2007లో రయన్ సాండర్స్ అనే చిన్న బాబు చనిపోయాడు. బిడ్డ దిగజారుతున్నాడని తల్లిదండ్రులు చెబుతున్నా తగినంతగా పట్టించుకోలేదని తేలింది. ఆ తర్వాత కుటుంబమే నేరుగా ఇంకో బృందాన్ని పిలిచే హక్కు రయన్స్ రూల్ పేరుతో వచ్చింది. ఇంగ్లండ్‌లో 2024 నుంచి మార్తాస్ రూల్ అదే చెబుతోంది. మీ ఆస్పత్రిలో అలాంటి నియమం ఉన్నా లేకపోయినా, మీ చార్టులో "తల్లి ఆందోళన" అని ఒక గడి పెట్టుకుని, ప్రతి షిఫ్టుకూ అడిగి నింపవచ్చు.

చేరిన రోజే ఆ తల్లితో ఒక పేజీ రాయించి మంచానికి తగిలించండి: మామూలు నాడి, ఊపిరి, ఆక్సిజన్, ఉష్ణోగ్రత, అవును, కాదు ఎలా చెబుతాడు, ఏ పక్కకు పడుకుంటాడు, దేనికి భయం, ఫిట్స్ ఎలా వస్తాయి, ఎన్ని నిమిషాలకు మందు. సాధారణంగా అయిదు నిమిషాలు దాటితే మందు ఇస్తారు. "అవును" అంటే పైకి చూస్తాడని రాసి ఉంటే, ప్రశ్న అడిగాక పది సెకన్లు ఆగండి. వాడి జవాబుకు అంత సమయం పడుతుంది.

ప్రశ్న: పద్నాలుగేళ్ల అమ్మాయికి వార్డులో అందరి ముందూ డైపర్ మారుస్తున్నారు. ఆమెకు తెలియదులే అంటున్నారు.

జవాబు: తెలుస్తుంది. తెలియదనుకున్నా తెర వేయాల్సిందే. పేరు పెట్టి పిలిచి, ఏం చేస్తున్నారో చెప్పి, పై దుప్పటి తీయకుండా కింద భాగమే తెరవాలి. ఆడ నర్సు కావాలని అడగడం మీ హక్కు. నెలసరి తేదీలు కూడా ఆ బిడ్డ చార్టులో ఉండాలి. ఆ రోజుల్లో ఫిట్స్, చిరాకు పెరిగితే నెలసరి కూడా ఒక కారణం కావచ్చని తెలుస్తుంది.

ప్రశ్న: ట్యూబులతో ఇంటికి పంపిస్తామంటున్నారు. మేం సిద్ధంగా ఉన్నామో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చూడటం, నర్సుతో కలిసి చేయడం, నర్సు చూస్తుండగా ఒంటరిగా చేయడం. ప్రతి పనికీ ఈ మూడూ అయ్యాయో లేదో చూసుకోండి. ఇంట్లో కనీసం ఇద్దరు నేర్చుకోవాలి. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరికి జ్వరం రాకూడదన్నట్టు అవుతుంది. బయలుదేరే ముందు ఒక రాత్రీ పగలూ ఆస్పత్రిలోనే, పనులన్నీ మీరే చేస్తూ, నర్సు పక్క గదిలో ఉండేలా అడగండి. ఏది చేతకావడం లేదో ఆ రాత్రి తెలుస్తుంది. ట్యూబు మూసుకుపోతే, ఊడిపోతే ఏం చేయాలో బొమ్మ మీద చేసి చూపించమనండి. పొట్టకు నేరుగా వేసిన ట్యూబైతే, ఊడిన కొన్ని గంటల్లోనే ఆ రంధ్రం మూసుకుపోవడం మొదలవుతుంది. ఆపరేషనై కొద్ది వారాలే అయితే మీరు తిరిగి దూర్చకూడదు, వెంటనే ఆస్పత్రికే. సక్షన్ మిషన్ బ్యాటరీ మీద ఎంతసేపు నడుస్తుందో పరీక్షించి చూసుకోండి. కరెంటు పోయినప్పుడు వాడే కాలి మిషనో చేతి మిషనో కూడా సంచిలో పడ్డాకే ఇంటికి బయలుదేరండి.